సెప్టెంబర్ టీల్ వేటలో బాతులు కనబడకపోతే: సమస్య - పరిష్కారం

టెక్సస్‌లో బాతుల వేట అసలు సీజన్ చలికాలంలో. దానికి చాలా ముందే, సెప్టెంబర్‌లో, టీల్ అనే చిన్న బాతులకు మాత్రం ప్రత్యేకంగా ఒక చిన్న సీజన్ పెడతారు. ఎందుకంటే నీలిరెక్కల టీల్ అన్ని బాతులకంటే ముందు దక్షిణానికి బయల్దేరుతుంది. పెద్ద సీజన్ తెరిచేసరికి దానిలో చాలాభాగం మెక్సికో, మధ్య అమెరికా వైపు దాటిపోతుంది. మన కొల్లేరుకీ పులికాట్‌కీ వచ్చే గార్గనీ బాతు దీనికి దగ్గరి చుట్టం, అదీ వలస బాతుల్లో ముందే దిగే రకం. (ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని వేటాడటం నేరం. ఇక్కడ రాసిందంతా అమెరికాకే, అందులోనూ హ్యూస్టన్ చుట్టుపక్కల తీరానికీ, ఎల్ కాంపో, ఈగిల్ లేక్ వైపు వరి పొలాలకే వర్తిస్తుంది.)

సీజన్ ఎన్ని రోజులన్నది బాతుల లెక్కను బట్టి తేలుతుంది. ఉత్తరాన గూళ్లు కట్టే చోట్ల వసంతంలో విమానాల్లో తిరిగి లెక్క తీస్తారు. నీలిరెక్కల టీల్ 47 లక్షలు, ఆపైన ఉంటే 16 రోజులు. 33 లక్షలకూ 47 లక్షలకూ మధ్య ఉంటే 9 రోజులు. ఇంకా తగ్గితే సీజనే లేదు. 2024 లెక్క 46 లక్షల దగ్గర ఆగింది, అందుకే 2025లో టెక్సస్‌కు సెప్టెంబర్ 20 నుంచి 28 వరకే దొరికింది. తొమ్మిది రోజులంటే రెండు వారాంతాలు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క ఉత్తరపు గాలీ రాకపోతే ఎంత మంచి మడుగైనా ఖాళీగా ఉండొచ్చు.

కాబట్టి బాతులు లేవనగానే డెకాయ్ బొమ్మలు (బాతులను లాగే నకిలీ బాతులు) మార్చడం, బాతులా కూసే కొత్త విజిల్ కొనడం మొదలుపెట్టకండి. ముందు ఒక్కటి తేల్చుకోవాలి: అవి ఇంకా రాలేదా, వచ్చి వెళ్లిపోయాయా, లేక వేరే నీళ్ల మీద ఉన్నాయా? మూడింటికీ మందు వేరు.

నీళ్లు బాగున్నాయి, మేత ఉంది, ఒక్క టీల్ కూడా లేదు

చాలాసార్లు కారణం ఒక్కటే, ఇంకా రాలేదు. నార్త్ డకోటా, సౌత్ డకోటా, సస్కాచెవాన్, మానిటోబా గడ్డి మైదానాల్లోని గుంటల దగ్గర ఇవి పిల్లల్ని చేస్తాయి. పగటి పొద్దు తగ్గడం చూసి కదులుతాయి. ముందు పెద్ద మగవి వస్తాయి, ఆగస్టు చివరి నుంచే. ఆడవీ, ఆ ఏటి పిల్లలూ తర్వాత. ఏ రాత్రి బయల్దేరాలన్నది మాత్రం గాలి నిర్ణయిస్తుంది. ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే.

అందుకని మీ ఊరి వాతావరణం కాదు, ఉత్తరాన కాన్సస్, ఓక్లహోమాల్లో రాత్రి గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. మూడు నాలుగు రోజులుగా దక్షిణపు గాలే పట్టుకుని ఉంటే కొత్త గుంపులు దిగే అవకాశం తక్కువ. గాలి ఉత్తరం నుంచి వీయడం మొదలైన రాత్రి తర్వాత వచ్చే ఉదయం, దాని మర్నాడు, ఈ రెండే అసలైన రోజులు. సెలవు పెట్టేదుంటే వాటికే పెట్టండి. తొలి శనివారం అని కళ్లు మూసుకుని పెట్టుకోవద్దు. తీరప్రాంతంలో సెప్టెంబర్ ఫ్రంట్‌లు (ఉత్తరం నుంచి దిగే చల్లగాలి అంచులు) బలహీనంగా వస్తాయి, వేడి రెండు మూడు డిగ్రీలు కూడా తగ్గకపోవచ్చు. థర్మామీటర్ చూసి ఫ్రంట్ రాలేదనుకోకండి. ఆగ్నేయపు గాలి పోయి ఉత్తరపు గాలి వచ్చిందా, డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతో చెప్పే ఉష్ణోగ్రత) పడిందా, అవి చూడండి.

వలస పక్షుల కదలికను చూపే బర్డ్‌కాస్ట్ రాడార్ మ్యాప్ ఉపయోగపడుతుంది కానీ అది ఆకాశంలో ఉన్న అన్ని పక్షులనూ కలిపి చూపిస్తుంది, టీల్‌ను విడదీయదు. గాలి గురించి మీరు అనుకున్నది సరేనా అని సరిచూసుకోవడానికి వాడండి. జనం తాము చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్‌ సైట్‌లో ఐతే "ఉన్నాయి" అన్న మాటకంటే సంఖ్య ముఖ్యం. నాలుగు బాతులు నెల పొడుగునా ఉంటాయి. నాలుగు నలభై అయిన రోజు కదలిక మొదలైనట్టు.

నిన్న వందలున్నాయి, ఇవాళ మడుగు ఖాళీ

దీనికి మూడు కారణాలుండొచ్చు. ఏదో తెలుసుకోవడానికి మిగతా పక్షులను చూడాలి. తీరంలో ఏడాదంతా ఉండే మాటిల్డ్ బాతులూ, నల్లపొట్ట విజిలింగ్ బాతులూ అక్కడే తిరుగుతూ టీల్ మాత్రమే మాయమైతే అవి రాత్రి గాలి పట్టుకుని ముందుకెళ్లాయి. అన్ని రకాలూ పోయి ఉంటే ఎవరో బెదరగొట్టారు, లేదా నీళ్లు మారాయి.

వెళ్లిపోయినవి తిరిగి రావు. కానీ వాటిని ఆపిన మేత అక్కడే ఉంటే వెనక వచ్చే గుంపు కూడా అక్కడే దిగుతుంది. చోటు మార్చకండి, తర్వాతి ఫ్రంట్ కోసం చూడండి.

బెదిరి పోయినట్టైతే తప్పు మనుషులది. టీల్ రాత్రి పడుకునే నీళ్ల మీద సాయంత్రం కాల్చారంటే ఆ చోటు పోయినట్టే. మేసే నీళ్ల మీద కూడా ఉదయం తొమ్మిదికల్లా లేచి వచ్చేయండి. ఒకసారి వేటాడిన మడుగుకు రెండు మూడు రోజులు విశ్రాంతి ఇవ్వండి. తొమ్మిది రోజుల సీజన్‌లో ఇది కష్టంగా అనిపిస్తుంది. అయినా రెండు చిన్న మడుగులు చూసుకుని మార్చి మార్చి వాడినవాళ్లకే చివరి వారాంతంలో కూడా బాతులు దొరుకుతాయి.

నీళ్ల మీదుగా తిరుగుతున్నాయి కానీ దిగడం లేదు

లోతు కొలవండి. టీల్ మునిగి తినే బాతు కాదు, తల ముంచి, తోక పైకెత్తి అడుగున మేస్తుంది. దానికి 2 నుంచి 10 అంగుళాల నీళ్లు కావాలి. మనిషికి మడమ దాటి పిక్క సగం వరకు. మోకాలు మునిగితే అది టీల్‌కు మేత మడుగు కాదు. ఒక కర్రకు అంగుళాల గీతలు పెట్టి ఐదారు చోట్ల గుచ్చి చూడండి. గట్టు దగ్గర ఒక్కచోట చూసి సరిపెట్టుకోకూడదు.

తుపాను వానలకూ, రోజుల తరబడి వీచే ఆగ్నేయపు గాలికీ తీరపు చిత్తడిలో నీటిమట్టం ఒక అడుగు దాకా పెరుగుతుంది. అప్పుడు టీల్ లోపలి వరి పొలాలకు తరలిపోతుంది. ఈ ప్రాంతంలో జులై, ఆగస్టుల్లో మొదటి పంట కోశాక చాలామంది రైతులు మళ్లీ నీళ్లు పెట్టి దుబ్బుల నుంచే పిలక పంట తీస్తారు. సెప్టెంబర్‌లో పల్చటి నీళ్లు ఖాయంగా ఉండేవి ఆ మడులే. మీకు నీటి తూము మీద అదుపు ఉంటే ఒక్క పలక తీసి నాలుగైదు అంగుళాలు మెల్లగా దించండి. ఒకేసారి ఖాళీ చేస్తే మేత బయటపడి ఎండిపోతుంది.

లోతు సరిగ్గా ఉన్నా దిగకపోతే మేత లేదేమో చూడాలి. దోసెడు బురద తీసి, వంటింటి టీ వడపోతలో వేసి నీళ్లలో జాడించండి. బురద పోయాక జల్లెడలో ఊదగడ్డి గింజలు, స్మార్ట్‌వీడ్ అనే నీటి కలుపు మొక్క నల్లటి మెరిసే గింజలు, చిన్న నత్తలు, ఎర్రటి పురుగులు మిగలాలి. వట్టి వేళ్లూ, కుళ్లిన ఆకులే మిగిలితే ఆ మడుగు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పది నిమిషాల ఈ పని ఖరీదైన డెకాయ్ కంటే ఎక్కువ చెబుతుంది.

వానలు విపరీతంగా పడిన ఏడాది సమస్య తలకిందులవుతుంది. ప్రతి కాలవలోనూ నాలుగేసి బాతులు, ఎక్కడా గుంపు ఉండదు. అలాంటప్పుడు పెద్ద నీళ్లు వదిలి, ఒడ్డున బురద మేట తేలి ఉన్న చిన్న గుంట చూసుకుని ఇద్దరే వెళ్లండి.

గుంపులు 60 గజాల దూరంలో దాటిపోతున్నాయి

టీల్ నీళ్లను రాసుకుంటూ తక్కువ ఎత్తులో, మలుపులు తిరుగుతూ వస్తుంది. దాని దారిలో మీరు లేకపోతే బొమ్మలు దాన్ని దూరం నుంచి లాగలేవు. ముందురోజు ఏ గట్టు వెంట, ఏ జమ్ము సందు గుండా వస్తున్నాయో చూసి అక్కడికి జరగడమే అసలు పరిష్కారం. యాభై గజాలు జరిగితే చాలు, ఉదయం మొత్తం మారిపోతుంది.

బొమ్మలు పన్నెండు నుంచి ఇరవై నాలుగు చాలు. ఈ నెలలో మగ టీల్‌కు ముఖం మీద తెల్లటి నెలవంక ఉండదు, అన్నీ గోధుమరంగులోనే ఉంటాయి, కాబట్టి ఆడబాతు బొమ్మలే పెట్టండి. గాలి వీపుకు తగిలేలా కూర్చోండి, బాతు గాలికి ఎదురుగా దిగుతుంది. మీ ముందు 15 నుంచి 25 గజాల మధ్య ఖాళీ వదిలి, దాని రెండు వైపులా బొమ్మలు చెదరగా పెట్టండి. రెక్కలు తిరిగే మోటార్ బొమ్మ టీల్‌ను బాగా లాగుతుంది. నీళ్లకు రెండు మూడు అడుగుల ఎత్తున, ఖాళీ అంచున, 20 గజాలు దాటకుండా పెట్టండి. 40 గజాల్లో పెడితే బాతులు 40 గజాల్లోనే దిగుతాయి. కొన్ని ప్రభుత్వ స్థలాల్లో దీన్ని వాడనివ్వరు, ముందే చూసుకోండి. గాలి లేని ఉదయం అద్దంలాంటి నీళ్లలో కదలని బొమ్మలు బాతుల్ని అనుమానపెడతాయి. మూడు బొమ్మలను ఒక తాడుకు కట్టి, అవతలి కొనకు సాగే రబ్బరు తాడూ బరువూ పెట్టి, మాటు నుంచి లాగుతూ ఉండండి.

మాటు మీద పచ్చగడ్డే ఉండాలి. నవంబర్‌లో వాడే ఎండు గడ్డి రంగు వల సెప్టెంబర్ పచ్చదనంలో మైలు దూరం కనిపిస్తుంది.

దగ్గరికొచ్చాయి, కాల్చినా పడలేదు

టీల్ బరువు సుమారు నాలుగు వందల గ్రాములే. చిన్నది కాబట్టి ఉన్నదానికంటే దూరంగానూ, వేగంగానూ కనిపిస్తుంది. తప్పు ఎక్కువగా రెండే రకాలు: గుంపును చూసి కాల్చడం, తుపాకీ ఊపు ఆపేసి వెనక కాల్చడం. ఒక్క బాతును ఎంచుకోండి. గంటకు 40 మైళ్ల వేగంతో అడ్డంగా, 30 గజాల్లో పోతున్నదానికి సుమారు 5 అడుగుల ముందు కాల్చాలి, కాల్చాక కూడా ఊపు ఆగకూడదు.

చోక్ (గొట్టం కొసను ఇరుకు చేసే భాగం) ఇంప్రూవ్డ్ సిలిండర్, షాట్ (తూటాలోని చిన్న గుండ్లు) 6 లేదా 4 నంబర్ స్టీల్. ఔన్సుకు 6 నంబర్‌లో సుమారు 315 పెల్లెట్లు, 4 నంబర్‌లో 192. ముప్పై గజాల లోపు 6 బాగుంటుంది, గాలి ఎక్కువగా ఉంటే 4. పెద్ద బాతులకు వాడే 2 నంబర్‌లో 125 పెల్లెట్లే, ఇంత చిన్న పిట్టకు సందులెక్కువ. ఇంటి నుంచి బయల్దేరే ముందే 30 గజాల్లో పెద్ద కాగితం మీద కాల్చి, 30 అంగుళాల వృత్తంలో ఖాళీలు ఎక్కడున్నాయో చూసుకోండి.

చీకట్లో ఏ బాతో తెలియడం లేదు

తెలియకపోతే కాల్చకూడదు, ఇందులో మధ్యేమార్గం లేదు. టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి వేటాడొచ్చు. సమయం అయినంత మాత్రాన వెలుతురు వచ్చినట్టు కాదు. రెక్క మీద లేత నీలం మచ్చ ఒక్కటే చూసి నమ్మకండి, షవెలర్ బాతుకూ అదే మచ్చ ఉంటుంది. దాని ముక్కు గరిటెలా పొడుగ్గా, శరీరం పెద్దగా ఉంటుంది. మాటిల్డ్, విజిలింగ్, షవెలర్, వుడ్ డక్, ఇవేవీ టెక్సస్ సెప్టెంబర్ టీల్ సీజన్‌లో కాల్చకూడదు. చిన్న పొట్టి మెడ, గుంపంతా ఒకేసారి మెలికలు తిరగడం, ఈ రెండూ కనిపించేదాకా ఆగండి.

గేమ్ వార్డెన్ (వేట చట్టాలు చూసే అధికారి) ఆపితే తప్పులు దొరికే చోట్లు

దగ్గర ఉండాల్సినవి: హంటింగ్ లైసెన్స్, దాని మీద వలస పక్షుల ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి), హిప్ సర్టిఫికేషన్ (వలస పక్షుల వేట లెక్కల కోసం చేసే నమోదు), 16 ఏళ్లు నిండితే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్. కాగితపు స్టాంప్ ఐతే దాని మీద సిరాతో సంతకం. షాట్‌గన్‌లో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్. సంచీలో ఎక్కడా సీసపు తూటా ఉండకూడదు, 1991 నుంచి నీటిపక్షుల వేటకు అది దేశమంతా నిషేధం. రోజుకు ఆరు, దగ్గర ఉంచుకోగలిగేది మొత్తం పద్దెనిమిది. మేత చల్లిన చోట, అది పూర్తిగా తొలగించి పది రోజులు గడిచేదాకా వేటాడకూడదు. కోయని పంటను రోలర్‌తో తొక్కించి గింజ రాల్చినా అది మేత చల్లినట్టే లెక్క.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. అంటే స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకునేముందే లైసెన్స్ మీ పేరు మీద ఉండాలి. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే ముట్టుకోండి.

పడిన బాతు దొరకడం లేదు, దొరికింది చెడిపోయింది

జమ్ములో పడ్డ టీల్‌ను కన్ను తిప్పితే పోగొట్టుకుంటాం. ఒకటి పడగానే రెండోదాన్ని కాల్చకుండా, పడిన చోట ఏదో ఒక గుర్తు పట్టుకుని నేరుగా నడవండి. వెతకడం చట్టం కూడా అడుగుతుంది. కుక్కను పంపేముందు ఆ నీళ్లలో మొసళ్లు ఉన్నాయేమో చూడండి. సెప్టెంబర్‌లో అవి చురుగ్గా ఉంటాయి, ఎలిగేటర్లు తిరిగే నీళ్లలో మనిషే వెళ్లి తేవడం మేలు. కాలు పెట్టే ముందు కాటన్‌మౌత్ అనే విషపు పాము కోసం గడ్డి మొదళ్లు కర్రతో కదపండి.

35 డిగ్రీల ఎండలో బాతులను కుప్పగా పోస్తే త్వరగా పొట్ట పచ్చబడుతుంది. తాడుకు విడివిడిగా, నీడలో వేలాడదీయండి. వేట ముగియగానే పేగులు తీసి, పొడి సంచిలో పెట్టి, ఐస్ మీద ఉంచండి, కరిగిన నీళ్లలో నాననివ్వకండి. ఈకలు పీకినా తల గానీ, ఈకలతో ఉన్న ఒక పూర్తి రెక్క గానీ ఇంటికి చేరేదాకా దానికి అంటిపెట్టుకునే ఉండాలి.