నాటు టమాటా నారు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విత్తనం కొనే ముందు అది తరతరాలుగా దాచుకుంటూ వచ్చిన నాటు రకమేనా, లేక రెండు రకాలను కలిపి తీసిన సంకర (హైబ్రిడ్) రకమా అని నిర్ధారించుకోవాలి; సంకర రకం కాయల నుంచి తీసిన విత్తనం తల్లి మొక్క గుణాలను యథాతథంగా నిలుపుకోదు.

చోటు ఎంపికలో తొందర పనికిరాదు. రోజుకు కనీసం 6 నుంచి 8 గంటలు నేరుగా ఎండ పడని చోట ఎంత మేలైన రకమైనా చప్పగానే కాస్తుంది. గత మూడేళ్లలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప పెంచిన మడిని వదిలివేయడం మంచిది, ఎందుకంటే వాటన్నిటినీ పట్టే తెగుళ్లు నేలలో మిగిలి ఉంటాయి, నాటు రకాలలో చాలావాటికి ఆ తెగుళ్లను తట్టుకునే శక్తి తక్కువ.

మట్టి ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే ఉదజని సూచిక (pH) 6.2 నుంచి 6.8 మధ్య ఉండేలా చూసుకోవాలి. బాగా చివికిన ఎరువే కలపాలి. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

నారును వారం, పది రోజుల పాటు క్రమంగా ఎండకు, గాలికి అలవాటు చేయాలి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గే రోజులలో నాటకూడదు. వేళ్లు చెదరకుండా ఊతకర్రలను ముందే పాతాలి.

నీటి ఏర్పాటు అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఒకసారి ఎండగట్టి మరొకసారి ముంచెత్తితే కాయలు పగులుతాయి, మొక్కకు కాల్షియం సరిగా అందక కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అందువల్ల మొదళ్ల వద్దే తడి అందే ఏర్పాటును, మొక్కల చుట్టూ నేలపై పరిచే ఎండుగడ్డిని (మల్చింగ్) నాటకముందే సిద్ధం చేసుకుని, కాయలు రంగు తిరిగే దశలో నీటిని కొద్దికొద్దిగా తగ్గిస్తే రుచి చిక్కబడుతుంది.