యాడ్‌ల బెడద వదిలించుకుందాం – 3వ పాఠం: మాయమైన పేజీని వెనక్కి తెచ్చుకోవడం

ఈ పాఠాలు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యాడ్‌లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ గురించి. ఈ వారం దాని లాగర్ (ఏం ఆపిందో, ఏం వదిలిందో చూపించే జాబితా) గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చదివి డ్రాపర్ గుర్తు (పేజీలో వద్దనుకున్న భాగాన్ని నొక్కి దాచే సాధనం) వాడినవాళ్లలో చాలామందికి యాడ్‌తో పాటు వార్త కూడా పోయింది. ఒకాయనకు రోజూ చదివే సైటు తెల్లకాగితంలా మిగిలింది. ఇంకొకావిడ కరెంటు బిల్లు కట్టబోతే డబ్బు కట్టే బటనే లేదు, ఆఖరి తేదీ దగ్గరపడిందన్న టెన్షన్‌లో మొత్తం ఎక్స్‌టెన్షన్‌నే తీసేశారు. ఇందులో తప్పు నాది. ఎక్కడ నొక్కాలో చెప్పాను గానీ, నొక్కిన తర్వాత కుడివైపు కింద డబ్బాలో వచ్చే పంక్తిని చదివి తీరాలని గట్టిగా చెప్పలేదు.

ముందు పోయిన పేజీని తెచ్చుకుందాం. యూబ్లాక్ ఆరిజిన్ గుర్తు నొక్కి, పళ్లచక్రం బొమ్మ మీద నొక్కి, 'మై ఫిల్టర్స్' ట్యాబ్‌కి వెళ్లండి. మీరు డ్రాపర్‌తో చేసిన ప్రతి నియమం అక్కడ ఒక్కో పంక్తిగా ఉంటుంది, దాని పైన తేదీ, సైటు చిరునామా కూడా ఉంటాయి కాబట్టి ఏది ఏ రోజు చేశారో వెతుక్కోనక్కర్లేదు. అనుమానం ఉన్న పంక్తి మొదట్లో ఒక ఆశ్చర్యార్థకం (!) పెట్టి, 'అప్లై చేంజెస్' నొక్కి, పేజీని రీలోడ్ చేయండి. వార్త తిరిగొస్తే దొంగ దొరికినట్టే. చెరిపేయకుండా ఆశ్చర్యార్థకం ఎందుకంటే, ఆ పంక్తి అమల్లో ఉండదు గానీ కళ్లముందు ఉంటుంది, ఎక్కడ తప్పామో చూసుకోవచ్చు. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను.

ఇప్పుడు ఆ పంక్తిని చదవడం. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీ స్క్రీన్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.

సైటుపేరు##.కంటెయినర్

రెండు హ్యాష్‌లకు ముందున్నది ఏ సైటులో అని, తర్వాతది ఏం దాచాలని. కంటెయినర్, ర్యాపర్, మెయిన్, కంటెంట్ లాంటి పేర్లు చాలా సైట్లలో పేజీ మొత్తాన్ని చుట్టిన పెద్ద పెట్టెకు పెడతారు. యాడ్ దాని లోపలే ఉంటుంది, వార్త కూడా దాని లోపలే ఉంటుంది. గోడ మీద పోస్టర్ పీకమంటే గోడ పడగొట్టినట్టయింది. డ్రాపర్ డబ్బాలో ఉండే స్లైడర్‌ని ఇటూ అటూ జరిపితే పెట్టె చిన్నదీ పెద్దదీ అవుతుంది, ఎర్రగా కనిపించే భాగం సరిగ్గా యాడ్ మీదే ఉండే దాకా జరపండి. తర్వాత 'ప్రివ్యూ' నొక్కి, పేజీని పైనుంచి కింద దాకా ఒకసారి చూసి, అప్పుడే 'క్రియేట్'. హ్యాష్‌లకు ముందు సైటు పేరు లేకపోతే ఆ నియమం మీరు తెరిచే ప్రతి సైటుకీ పడుతుంది. బిల్లు బటన్ పోవడానికి కారణం అదే, ఆవిడ వేరే ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించిన పంక్తికి ముందు ఏ సైటు పేరూ లేదు.

రెండు నిలువు గీతలతో (||) మొదలయ్యే పంక్తులు వేరు. హ్యాష్ పంక్తి యాడ్‌ని కంటికి కనపడకుండా దాస్తుందంతే, దించుకోవడం ఆపదు. నిలువు గీతల పంక్తి అసలు దాన్ని దించుకోనివ్వదు. రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు ఈ తేడా తెలియాలి. వీడియో యాడ్‌ని దాచితే డేటా మిగలకపోవచ్చు, ఆపితే మిగులుతుంది.

ఒక్కసారి అడ్డొచ్చే పాపప్‌కి డ్రాపర్ అక్కర్లేదు, మెరుపు గుర్తు (నొక్కినదాన్ని అప్పటికప్పుడు తీసేసేది) చాలు, రీలోడ్ చేస్తే అది చేసింది పోతుంది. నేను పదిలో తొమ్మిదిసార్లు మెరుపే వాడతాను.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. సమస్య ఉందన్నవాళ్లలో సగం మంది దగ్గర రెండు బ్లాకర్లు ఉన్నాయి, ఒకరి దగ్గర మూడు. తలుపుకి రెండు తాళాలు వేస్తే మంచిదే కదా అన్నది వాళ్ల లెక్క. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. 'యాడ్ బ్లాకర్ ఆపితేనే వార్త' అని అడ్డుగోడ పెట్టే సైట్లు ఉంటాయి కదా, అవి తమ యాడ్ స్క్రిప్టు (యాడ్‌ని నడిపే చిన్న ప్రోగ్రాం) వచ్చిందా లేదా అని చూస్తాయి. చాలాచోట్ల యూబ్లాక్ ఆరిజిన్ ఆ స్క్రిప్టు బదులు ఏ పనీ చేయని ఉత్తుత్తి స్క్రిప్టు ఇస్తుంది, సైటు సరే అనుకుని వార్త చూపిస్తుంది. పక్కనే రెండో బ్లాకర్ ఉంటే అది ఆ స్క్రిప్టుని మొత్తానికే ఆపేయొచ్చు, వెంటనే గోడ లేస్తుంది. మీరేమో యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయట్లేదంటారు. ఇంకో ఇబ్బంది, బ్యాంకు సైటులో గుర్తు నొక్కితే వచ్చే పవర్ బటన్‌తో యూబ్లాక్ ఆరిజిన్‌ని ఆపుతారు, రెండో బ్లాకర్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది, పేమెంటు కదలదు, కారణం మీకు అంతుపట్టదు. దయచేసి ఒకటే ఉంచండి. ఆ రెండోది తీసేదాకా నా పాఠంలో ఏ మాటా మీ దగ్గర నేను చెప్పినట్టు పనిచేయదు.

ఆ ఒక్కటి కూడా అసలుదేనా చూసుకోండి. దీన్ని తయారుచేసిన రేమండ్ హిల్ 2014లో యూబ్లాక్ విడుదల చేశాడు, 2015లో దాన్ని వేరొకరికి అప్పగించి, తర్వాత తనదే వేరుగా యూబ్లాక్ ఆరిజిన్ పేరుతో నడుపుతున్నాడు. ఉత్త 'యూబ్లాక్' అన్నది 2018లో యాడ్‌బ్లాక్ వాళ్ల చేతికి వెళ్లింది, రెండింటికీ సంబంధం లేదు. హిల్ విరాళాలు తీసుకోడు. డబ్బులడిగితే అది ఆయనది కాదు. క్రోమ్‌లో వెతికి దొరకలేదన్నవాళ్లకు: క్రోమ్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లను 2025లో పూర్తిగా ఆపేసింది, అక్కడ ఇప్పుడు 'లైట్' రకమే ఉంది, దానికి ఇన్ని శక్తులు లేవు. ఈ పాఠాలు ఫైర్‌ఫాక్స్‌కే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా అదే వాడండి.

అమ్మ ఫోన్‌లో నేను ఇది పెట్టింది యాడ్‌ల విసుగుతో కాదు. 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది' అన్న డబ్బా చూసి ఆమె రెండు రోజులు భయపడుతూ కూర్చుంది, నాకు ఫోన్ చేయడానికి కూడా ఆ ఫోన్ ముట్టుకోలేదు. అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా 2022 డిసెంబరులో, వెతుకులాట ఫలితాల్లో నకిలీ యాడ్‌లు పెట్టి మోసం చేస్తున్నారు, యాడ్ బ్లాకర్ వాడండి అని జనానికి చెప్పింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో పెట్టి, అక్కడ డ్రాపర్ జోలికి మాత్రం పోకండి. ఫిల్టర్ లిస్టుల్లో ప్రాంతీయం కింద ఉన్న 'ఇండియన్‌లిస్ట్'కి టిక్ పెట్టి వదిలేయండి, మన సైట్లకు అది చాలా వరకు సరిపోతుంది.

అభ్యాసం. వారం పడుతుంది. మీరు రోజూ చూసే ఐదు సైట్లు తీసుకోండి. ఒక్కోదానికి ముందు పవర్ బటన్ ఆపి, తర్వాత పెట్టి రీలోడ్ చేస్తూ, గుర్తు నొక్కినప్పుడు వచ్చే 'డొమైన్స్ కనెక్టెడ్' అంకె (పేజీ ఎన్ని డొమైన్లతో కలిసిందో చెప్పేది) రెండుసార్లూ కాగితం మీద రాయండి. తర్వాత సైటుకి ఒకే ఒక్క హ్యాష్ నియమం చేయండి. 'మై ఫిల్టర్స్'లో దాని పైన, ఆశ్చర్యార్థకంతో మొదలుపెట్టి, ఇది దేన్ని దాస్తోందో మీ మాటల్లో ఒక వాక్యం రాయండి. వాక్యం రాయలేకపోతే ఆ నియమం తీసేయండి. ఏడో రోజు ఐదు సైట్లూ తెరిచి, మెనూ, వెతికే డబ్బా, లాగిన్ అన్నీ నొక్కి చూడండి. ఏదైనా పనిచేయకపోతే ఏ పంక్తి వల్లో కనిపెట్టాక నాకు రాయండి, పంక్తితో సహా. లాగర్ పాఠం ఆ పంక్తులతోనే మొదలుపెడతాను.