కిడ్నీ క్యాన్సర్ పెద్ద సిరలో తిరగబెడితే: ఆపరేషన్‌కు ముందు ఏం అడగాలి

సర్జన్ దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి. కుడి కిడ్నీ తీసేసిన మా అక్కకు ఐవీసీలో, అంటే కాళ్ల నుంచి, పొట్ట నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరలో, మళ్లీ గడ్డ వచ్చింది. రిపోర్టులో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం. సర్జన్ మాత్రం కంప్యూటర్‌లో ఒక్కో బొమ్మా జరుపుతూ, గడ్డ పైకొస ఎక్కడుందో పెన్నుతో చూపించారు.

మీరూ ముందు ఆ కొస గురించే అడగండి. కాలేయం సిరల కిందే ఆగితే పని చాలావరకు పొట్టలోనే అయిపోతుంది. కాలేయం వెనక్కి ఎక్కితే దాన్ని పక్కకు జరిపి చేయాలి. గుండె గదిలోకి చేరితే హార్ట్ సర్జన్ ఉండాలి, చాలాసార్లు హార్ట్-లంగ్ మెషీన్ (ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) కూడా పెడతారు. అందుకే రెండు టీములూ ఒకేచోట ఉన్న ఆస్పత్రి చూసుకోండి.

తర్వాత, గడ్డ సిర గోడకు అంటుకుందా అని అడగండి. అంటుకోకపోతే సిరను చీల్చి, గడ్డ లాగేసి, కుట్టేస్తారు. అంటుకుంటే ఆ గోడ ముక్కనూ కోసి, ప్యాచ్ గానీ కృత్రిమ గొట్టం గానీ వేస్తారు. సిర ఎప్పటినుంచో మూసుకుపోయి ఉంటే రక్తం పక్కదారులు వెతుక్కునే ఉంటుంది, అప్పుడు కొందరికి ఆ సిర ముక్కను తీసేసి, బదులుగా గొట్టం వేయకుండానే వదిలేస్తారు.

మిగిలిన కిడ్నీ సంగతి మాత్రం గట్టిగా అడగాలి. ఎడమ కిడ్నీ సిరకు పక్క కొమ్మలుంటాయి, కాబట్టి దారి మూసుకున్నా రక్తం బయటపడే వీలుంటుంది. కుడిదానికి ఆ వెసులుబాటు తక్కువ. అక్కకు మిగిలింది ఎడమది. ఈ మాట తెలిశాకే నా టెన్షన్ కాస్త తగ్గింది.

రక్తం పలచబడే మందు వాడుతుంటే, దాన్ని ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాయించుకోండి, నోటిమాటగా వినేసి రావద్దు. పాత ఆపరేషన్ వల్ల లోపల పేగులు, కండరాలు అతుక్కుని ఉంటాయి, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. రక్తం ముందే సిద్ధం చేయించండి. ఈలోగా ఒక్కసారిగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గడ్డ ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు.

క్యాన్సర్ పాకినట్టు ఛాతీ స్కాన్‌లో మచ్చలుంటే ముందు మందులా, ముందు కత్తా అన్నది ఆంకాలజిస్టు, సర్జన్ కలిసి తేల్చాలి. ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్క బయాప్సీలో అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో, అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలిందో లేదో అడిగి, ఆ రిపోర్టుతోనే ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందులు) గురించి మాట్లాడండి.