పాత కారులో ఎలుకల కంపును మూలం నుంచి వదిలించుకునే పద్ధతి

మా పర్లాకిమిడి ప్రాంతంలో వరి కోతలు ముగిసి ధాన్యం బస్తాలు ఇళ్ళకు చేరే రోజుల్లో పొలాల్లోని ఎలుకలు కూడా వాటి వెంటే ఊళ్ళోకి వచ్చేస్తాయి. బస్తాల పక్కన, షెడ్డులో నెలల తరబడి కదలకుండా నిలిచిన పాత కారు వాటికి వెచ్చటి నివాసం అవుతుంది. మా నాన్నగారి అంబాసిడర్‌ను వానాకాలమంతా, ఆపైన కోతల కాలమంతా కదపకుండా ఉంచి సంక్రాంతికి తలుపు తీస్తే కళ్ళు మండేంత కంపు కొట్టింది. పట్టణంలో ఒకచోట బాగుచేయమని ఇస్తే సీట్ల మీద సెంటు చల్లి, డ్యాష్‌బోర్డు మెరిసేలా తుడిచి ఇచ్చారు. వారం తిరగకముందే ఆ సెంటు, ఈ కంపు కలిసి మరింత భరించరానిదిగా మారాయి. ఆ తర్వాత నేనే బండిని విప్పి శుభ్రం చేశాను. ఆ పనిని చేసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి తెలియాలి. వాసన కారులోని గాలిలో పుట్టదు, ఎలుక మూత్రం ఇంకిన పీచులో, స్పాంజిలో, కార్పెట్ కింది పట్టాలో ఉంటుంది. మూత్రంలోని యూరియా క్రమంగా అమ్మోనియాగా మారడం వల్ల ఆ ఘాటు వస్తుంది. ఎండిపోయినప్పుడు వాసన పోయినట్టే అనిపించినా, మరకలో మిగిలిన పదార్థం గాలిలోని తేమను పీల్చుకోగానే మళ్ళీ లేస్తుంది. అందుకే ఎండాకాలంలో బాగున్న కారు తొలకరికి కంపు కొడుతుంది. వెతకడానికి మబ్బు పట్టిన రోజు, విప్పి ఆరబెట్టడానికి మంచి ఎండ కాసే రోజులు అనువైనవి.

గూడు తీసే వరకు ఇంజను స్టార్ట్ చేయవద్దు. బోనెట్ కింద, సైలెన్సర్ గొట్టం దగ్గర ఎండుగడ్డి, గుడ్డపీలికలు ఉంటే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీగ ఊడదీసి, తలుపులు, డిక్కీ బార్లా తెరిచి కనీసం అరగంట గాలి ఆడనివ్వాలి. రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు గట్టిగా పట్టే ఎన్-95 మాస్కు తప్పనిసరి. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్, అంటే మనం ఎలుక జ్వరం అనేది, చర్మం మీది చిన్న గాయాల గుండా కూడా సోకుతుంది. పెంటికలను చీపురుతో ఊడ్చినా, వాక్యూమ్‌తో లాగినా ఆ దుమ్ము గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ఎండు స్థితిలో వాటిని కదపనే కూడదు. ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, పెంటికలు, గూడు బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, పాత గుడ్డతో ఎత్తి రెండు కవర్లలో కట్టి పారవేయాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, మరే శుభ్రపరిచే మందు గానీ కలపరాదు, విషవాయువు పుడుతుంది. సీటు గుడ్డ మీద పడితే రంగు పోతుంది, ఇనుము మీద వదిలేస్తే తుప్పు పడుతుంది. కనుక గట్టి ఉపరితలాలకే వాడి, తర్వాత మంచినీళ్ళతో తుడవాలి.

మా బండిలో అసలు గూడు వెనక సీటు వీపు వెనకాల, డిక్కీ వైపు దొరికింది. సీటులోంచే లాగిన కొబ్బరి పీచు, వేరుశనగ తొక్కలు, తెలుగు పేపరు ముక్కలు, ఒడియా పేపరు ముక్కలు, ఒక గోనె దారం, అన్నీ కలిపి పిడికిలి మందాన గట్టిగా అల్లుకుని ఉన్నాయి. దాని కింద రేకు మీద పసుపుపచ్చటి పొర కట్టి, పక్కన తుప్పు మొదలైంది. రాత్రిపూట చీకట్లో అతినీలలోహిత టార్చి వేసి చూస్తే ఎండిన మూత్రం నీలి తెలుపుగా మెరుస్తుంది. వేరే మరకలు కూడా మెరుస్తాయి గనుక ముక్కుతో నిర్ధారించుకోవడం మంచిది.

తడిసిన పీచును కాపాడుకోవాలని చూడవద్దన్నది నా గట్టి అభిప్రాయం. సీట్లు కుట్టేవారి దగ్గర కొత్త పీచు పెట్టించడం తక్కువ శ్రమ. పైపైన మాత్రమే మరక పడిన స్పాంజికి, గుడ్డకు అయితే పెంపుడు జంతువుల మూత్రం మరకల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావణం పనిచేస్తుంది. అది మరకలోని సేంద్రియ పదార్థాన్నే విరగ్గొడుతుంది. మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రావణమూ అంత లోతుకు దిగాలి, కొన్ని గంటలు తడిగా ఉండాలి, అంతకుముందు అక్కడ బ్లీచ్ తగిలి ఉండకూడదు, తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. తర్వాత రెండు మూడు రోజులు ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి, లోపల తడి మిగిలితే బూజు వాసన మొదలవుతుంది. కార్పెట్ కింది పట్టా తడిసి ఉంటే ఆ మేరకు కోసి మార్చేయాలి.

ఏసీ ఉన్న బండిలో ఫ్యాన్ వేయగానే కంపు వస్తే లోపం గాలి దారిలో ఉన్నట్టు. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను కడగకుండా మార్చేసి, బ్లోయర్‌లో గూడు గానీ, చచ్చిన ఎలుక గానీ ఉందేమో చూడాలి. సీట్ల కింద పసుపుపచ్చ కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవి కావచ్చు, వాటిని మెకానిక్‌కే వదిలేయండి. బ్యాటరీ తిరిగి కలిపే ముందు కొరికిన వైర్లు ఉన్నాయేమో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

ఇదంతా అయ్యాకనే వంటసోడా పని. ఆరిన సీట్ల మీద, కార్పెట్ మీద చల్లి రాత్రంతా ఉంచి మర్నాడు వాక్యూమ్‌తో తీస్తే మిగిలిన కొద్దిపాటి వాసన తగ్గుతుంది. నాఫ్తలీన్ ఉండలు కారులో పెట్టడం మాత్రం మంచిది కాదు, మూసిన చోట ఆ ఆవిరి పీల్చడం పిల్లలకు మరీ హానికరం.

చిట్టెలుక పెన్సిల్ పట్టే రంధ్రంలోంచి కూడా దూరుతుంది. నేలరేకులోని ఖాళీలు మూసి, గాలి లోపలికి వచ్చే చోట సన్నటి ఉక్కు జాలీ బిగించాలి. విషపు ఎర కారులో పెడితే అది తిన్న ఎలుక ఏ మూలో చచ్చి కొత్త కంపు తెస్తుంది, కాబట్టి బోను షెడ్డు గోడ వారగా పెట్టండి. ధాన్యం బస్తాలు కారుకు దూరంగా మార్చి, వారానికోసారైనా బండి నడపండి.

మంచి వాన పడిన మర్నాడు అద్దాలు మూసి రెండు గంటలు ఉంచి, తలుపు తీయగానే మళ్ళీ వాసన చూడాలి. మా బండిలో ఆ రోజు సన్నగా కంపు తగిలింది. స్టెప్నీ కింద పరచిన రబ్బరు పట్టా ఎత్తితే అరచేయంత మరక మిగిలి ఉంది. దాన్ని కడిగి ఆరబెట్టాక పడిన వానకు కారులో పాత రెక్సిన్ వాసన తప్ప మరేమీ రాలేదు.