టీచర్లకు ఇంగ్లీషు పలుకు – నాలుగో పాఠం: 'బుక్కు' చివర ఆ 'ఉ'

పోయిన పాఠంలో అక్షరం పేరు వేరు, అది పలికే శబ్దం వేరు అని చూశాం. 'బి' పేరు, 'బ్' శబ్దం. ఇంగ్లీషులో అక్షరాలు 26 అయితే శబ్దాలు దాదాపు 44 అని కూడా చెప్పుకున్నాం. మీ క్లాసులో ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి ఒంటరిగా వినమన్నాను. చేశారా? చేయకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి ముందు ఆ పని చూడండి. మీ గొంతు మీరు వినకుండా ఇది చదివినా లాభం లేదు.

నేను మొదటిసారి విన్నప్పటి సంగతి చెబుతాను. అప్పుడు చంద్రగిరి పక్కన ఒక ఊరి బడిలో రెండు, మూడు తరగతులకు కలిపి పాఠం చెప్పేవాణ్ణి. ఒకే గది, రెండు బోర్డులు. రాత్రి భోంచేసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరో అంటున్నారు: "ఓపెన్ యువర్ బుక్కు. టేక్ యువర్ పెన్ను. సిట్టు డవును." ఆ ఎవరో నేనే. అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు.

అంతకు రెండు రోజుల ముందే డిక్టేషన్‌లో మూడో తరగతి పిల్ల ఒకతి 'బుక్' అనే మాటకి బి, యు, కె, కె, యు అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పక్కన ఐదుసార్లు రాయమన్నాను. రికార్డింగ్ విన్న మర్నాడు ఆ నోట్సు మళ్లీ తెరిచాను. నేను ఎలా పలికానో ఆ పిల్ల అలాగే రాసింది. ఆ ఐదుసార్లు రాయాల్సింది నేను.

తప్పు ఎక్కడుందో చూద్దాం. తెలుగు అజంత భాష, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇల్లు, కన్ను, ముల్లు, పాలు, నీళ్లు. బయటి నుంచి మాట ఏదొచ్చినా చాలావరకు దానికి చివర ఒక 'ఉ' తగిలించి మనదాన్ని చేసుకుంటాం. అందులోనూ ఒక పద్ధతి ఉంది. ముందు హ్రస్వం ఉంటే హల్లు ద్విత్వమవుతుంది: బుక్కు, పెన్ను, బస్సు, కప్పు. దీర్ఘం ఉంటే చాలావరకు ఒంటిగానే ఉంటుంది: గేటు, సీటు, స్కూలు. 'రోడ్డు' మాత్రం ఈ లెక్కకి లొంగదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తెలుగు మాట్లాడేటప్పుడు 'బస్సు' అనడం తప్పు కాదు. ఆ 'ఉ' లేకపోతే బస్సులో, బస్సుకి, బస్సులు అని ఎలా అంటాం? తెలుగు వాక్యం మధ్యలో 'బస్' అని నాలుక మెలితిప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. పిల్లవాడు "సార్, బుక్కు మర్చిపోయినా" అంటే దాన్ని దిద్దకండి. వాడు మాట్లాడింది మంచి తెలుగు. మన పని ఇంగ్లీషు వాక్యంలోకి వెళ్లినప్పుడు ఆ 'ఉ' ని గుమ్మం దగ్గర వదిలి వెళ్లడం నేర్పడం, అంతే.

అసలు నష్టం ఉచ్చారణలో కాదు, చదవడంలో. ఇది చాలామంది గమనించరు. 'పిల్లి' అనేదానికి ఇంగ్లీషు మాట బోర్డు మీద రాశారనుకోండి. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి "కు... యా... టు" అన్నారు. ఇప్పుడు కలిపి చదవరా అంటే ఆ మూడింటిని కలిపి పిల్లవాడు ఏమనాలి? "కుయాటు" అవుతుంది. 'క్యాట్' రాదు. వాడు మీ మొహం వంక చూస్తాడు, పుస్తకంలో బొమ్మ చూస్తాడు, బొమ్మలో పిల్లి ఉంది కాబట్టి "క్యాట్" అంటాడు. మీరు శభాష్ అంటారు. బొమ్మ లేని పేజీ వచ్చిన రోజున గానీ వాడికి చదవడం రాదని మనకి తెలియదు. ఇప్పుడు లెక్కల పుస్తకం కూడా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. బొమ్మ సాయం లేని ఇంగ్లీషు మాటలు వాడి కళ్ల ముందు రోజంతా ఉంటాయి.

కాబట్టి ముందు మన నోరు.

గొంతు మీద రెండు వేళ్లు ఆనించండి. 'కు' అనండి. వేళ్ల కింద జిల్లుమంటుంది. ఇప్పుడు ఎవరికో రహస్యం చెబుతున్నట్టు గుసగుసగా 'క్' అనండి. ఏమీ కదలదు. క్, ట్, ప్, స్, ఫ్ ఈ ఐదింటికీ ఈ పరీక్ష పనిచేస్తుంది. వేళ్ల కింద కదిలిందంటే 'ఉ' దూరిందన్నమాట. అద్దం ముందు రెండు నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్లు ఏమైందని అడుగుతారు, చెప్పండి.

బ్, డ్, గ్ లకు ఈ పరీక్ష పనికిరాదు. అవి పలికితేనే గొంతు మోగుతుంది. వాటిని విడిగా పలికితే ఎంత జాగ్రత్త పడ్డా ఒక చిన్న అచ్చు ఛాయ తగులుతూనే ఉంటుంది. దానికి టెన్షన్ పడొద్దు. వీలైనంత పొట్టిగా అని వదిలేయండి, మాట చివర పెట్టి నేర్పండి. ఇంకో కిటుకు ఉంది: ఇంగ్లీషులో 'క్యాప్' అన్నప్పుడు మధ్య అచ్చు పొట్టిగా, 'క్యాబ్' అన్నప్పుడు కాస్త సాగి వస్తుంది. వినేవాళ్లు ఆ సాగుడుని బట్టే చివర ప్ ఉందో బ్ ఉందో పోల్చుకుంటారు. మనం 'క్యాబు' అని 'ఉ' మీద బరువు వేసే బదులు, మధ్యలో కొంచెం సాగదీస్తే సరిపోతుంది.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను చాలాకాలం అడ్డదారిలో నడిచాను. "ఉ పెట్టొద్దు, ఉ పెట్టొద్దు" అని అరిచేవాణ్ణి. ఫలితం ఏమిటంటే, కొందరు చివరి హల్లుని కూడా మింగేయడం మొదలుపెట్టారు. 'బుక్' పోయి 'బు' మిగిలింది. భయపడిన నోరు అలాగే చేస్తుంది.

దారి దొరికింది ఇంగ్లీషు పీరియడ్‌లో కాదు. సోమవారం పొద్దున ఒక పిల్లవాడు ఆదివారం సంగతి చెబుతున్నాడు: "మా నాయినతో బస్సెక్కి తిరపతికి పోయినాం సార్, మళ్ల అలిపిరి కాడ ఇంకో బస్సెక్కినాం." బస్సెక్కి! బస్సు ప్లస్ ఎక్కి. 'ఉ' ఎక్కడ పోయింది? వాడు దాన్ని తీసేయడానికి ఏ కష్టమూ పడలేదు. మనం హైస్కూల్లో బట్టీ పట్టిన ఉత్వ సంధి ఇదే. ఉత్తుకి అచ్చు పరమైతే సంధి, వాడు ప్లస్ ఎక్కడ, వాడెక్కడ. సూత్రం పేరు తెలియని రెండో తరగతి పిల్లలు దాన్ని రోజూ వాడుతున్నారు. పెన్నివ్వు, గేటవతల, బుక్కిస్తావా.

అంటే చివరి 'ఉ' ని తెలుగు నోరే వదిలేస్తుంది, వెనక అచ్చు ఉంటే చాలు. మనం చేయాల్సింది ఆ అచ్చుని సిద్ధంగా పెట్టడం. అందుకని 'బుక్' అని విడిగా చెప్పించకండి. 'బుక్ ఈజ్' అని చెప్పించండి. "ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్." 'బుకీజ్' అని కలిసి వస్తుంది. మొదట్లో 'బుక్కీజ్' అని ద్విత్వం మిగిలినా ఇప్పుడు పట్టించుకోకండి, అది తర్వాత దానంతట అదే పల్చబడుతుంది. 'కప్ ఈజ్', 'బస్ ఈజ్', 'గేట్ ఈజ్'. మూడు రోజులు ఇంతే.

నాలుగో రోజు చిన్న ఆట. "బుక్ ఈజ్" అని నేను అంటాను, వాళ్లు అంటారు. రెండోసారి 'ఈజ్' ని గొంతు లేకుండా పెదవులతో మాత్రమే అనాలి. మూడోసారి 'ఈజ్' మనసులోనే. బయటికి వినపడేది 'బుక్' ఒక్కటే, నోరు మాత్రం 'ఈ' కోసం సాగి ఉంటుంది. అలా సాగిన నోట్లోంచి 'ఉ' రావడం కష్టం, ఎందుకంటే 'ఉ' కి పెదవులు గుండ్రంగా ముడుచుకోవాలి. మీరే చేసి చూడండి. ఈ ఒక్క పని సరిగా చేస్తే మిగతా పాఠం సగం అయిపోయినట్టే.

ఏ హల్లుతో మొదలుపెట్టాలి? పిల్లలు ఇప్పటికే పలుకుతున్నవాటితో. రోజుకి వందసార్లు 'సార్' అంటారు, చివర 'ఉ' ఉండదు. మేడమ్, పెన్సిల్, టేబుల్, స్టేషన్ కూడా అంతే. ర్, మ్, ల్, న్ వాళ్లకి వచ్చేసినట్టే. ఆ తర్వాత స్. హాజరు పిలిచినప్పుడు 'ఎస్ సార్' అంటారుగా, అందులోనే ఉంది. ఆపైన ట్, ప్, క్. చివరగా బ్, డ్, గ్. ఈ వరస నేను వాడి చూసిందే. బుక్కుతో మొదలుపెట్టి ఇబ్బంది పడ్డవాణ్ణి కనుక చెబుతున్నాను.

మన చిత్తూరు జిల్లాలో ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని చాలామంది సమస్య అనుకుంటారు. నగరి వైపు బడుల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు. వాళ్లకి పాల్, కాల్, మీన్, మరమ్ పుట్టినప్పటి నుంచి వచ్చిన మాటలు. ల్, న్, మ్ చివర వస్తే వాళ్లు తడబడరు. బస్సు, బుక్కు దగ్గర మాత్రం మనలాగే. చిత్తూరు టౌన్‌లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే మీ అదృష్టం: 'కితాబ్' అనే పిల్లకి చివరి బ్ నేర్పక్కర్లేదు, ఆ పిల్ల చేతే మిగతావాళ్లకి చెప్పించండి. క్లాసులో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్ల ఒకతి ఇలా ముందుకి వచ్చి నిలబడి 'క్యాబ్' అని చెప్పడం నేను చూశాను. చెప్పి, వెళ్లి మళ్లీ వెనకే కూర్చుంది, మర్నాడు మాత్రం రెండో వరసలో.

బోర్డు మీద చూపించడానికి తెలుగు లిపిలోనే ఒక గుర్తు ఉంది, పొల్లు. 'కు' రాసి, కొమ్ము తుడిపేసి, పైన పొల్లు పెట్టి 'క్' చేయండి. తుడిపేటప్పుడు పిల్లలంతా చూడాలి. పద్యాల్లో జనముల్, వనముల్ అని పాదం చివర వస్తుంది కదా, ఆ రాగంతోనే 'పెన్సిల్' అనిపిస్తే పడీపడీ నవ్వుతారు, మర్చిపోరు. ఇంగ్లీషు నేర్పడానికి తెలుగు అక్షరాలా అని ఒక ట్రైనింగ్‌లో నన్ను నిలదీశారు. పిల్లలు మెట్టు ఎక్కడానికి వాళ్ల దగ్గర ఉన్న నిచ్చెన వాడుకుంటే తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రెండు మూడు వారాలు వాడండి, తర్వాత తీసేయండి. ప్రతి ఇంగ్లీషు మాట కింద తెలుగులో రాసివ్వడం మాత్రం అలవాటు చేయొద్దు. అప్పుడు వాళ్లు కింది వరసే చదువుతారు.

స్కూల్ ని 'ఇస్కూలు' అనడం దీనికి అన్నదమ్ముల వరస. అక్కడ అచ్చు ముందు చేరుతుంది. మందు తేలిక: పాములా 'స్స్స్' అని సాగదీసి 'కూల్' కి అతికించడమే. దీనికి ఇంతకన్నా టైమ్ పెట్టొద్దు.

ఇక వారం పని. రోజూ క్లాసులో వాడే ఆజ్ఞలు ఈ ఐదే తీసుకోండి: స్టాండ్ అప్, పిక్ ఇట్ అప్, పుట్ ఇట్ ఆన్ ద టేబుల్, లుక్ ఎట్ ఇట్, షట్ ఇట్. ఇవి ఏరికోరి ఇచ్చినవే. దాదాపు ప్రతి హల్లు వెనకా ఒక అచ్చు కాచుకుని ఉంది, 'స్టాండప్', 'పికిటప్' అని కలిసి వస్తాయి. చెప్పేటప్పుడు మీరు చేసి చూపించాలి, పిల్లలు వింటూ చేయాలి. మొదటి రెండు రోజులు వాళ్ల చేత పలికించకండి. చెవి నిండాక నోరు తెరుస్తారు. మూడో రోజు నుంచి ఒక పిల్ల ఆజ్ఞ ఇస్తే మిగతావాళ్లూ మీరూ చేయండి. "సార్, స్టాండప్" అని అరవడంలో వాళ్లకున్న సంతోషం మీకు తెలుసు.

శనివారం మళ్లీ ఐదు నిమిషాలు రికార్డు చేయండి. కాగితం మీద అడ్డంగా గీత గీసి, 'ఉ' వినపడ్డ ప్రతిసారీ గీత పైన ఒక టిక్కు, వినపడనప్పుడు కింద ఒక టిక్కు. పిల్లలవి కాదు, మీవి మాత్రమే లెక్కపెట్టండి. నా మొదటి కాగితంలో గీత కింద ఉన్నవి నాలుగు, అందులో రెండు 'టేబుల్'. పక్క బడి టీచర్ ఎవరైనా కలిసొస్తే ఇంకా మంచిది. కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే మీటింగ్) రోజు టీ తాగుతూ ఫోన్లు మార్చుకుని, ఒకరిది ఒకరు విని టిక్కులు పెట్టండి. మన చెవి మనకి కొన్ని మాఫీ చేస్తుంది, పక్కవాళ్ల చెవి చేయదు.

ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠానికి కావాలి. అందులో 'బ్యాట్', 'బెట్' తేడా చూస్తాం. 'బ్యాంకు' లో మనం పలికే ఆ 'యా' వత్తు దగ్గర్నుంచి మొదలుపెడదాం.