బీటెక్ తర్వాత జర్మనీలో బిజినెస్ ఇంజనీరింగ్: సబ్జెక్టుల పట్టిక ఎలా నింపాలి?

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే జూనియర్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, 8.4 సీజీపీఏ ఉంది, ఐఈఎల్‌టీఎస్ 7.5 వచ్చింది, అయినా రిజెక్ట్ చేశారు. ఎందుకంటావ్?" అప్లికేషన్‌లో పెట్టిన ఫైళ్లన్నీ పంపమంటాను. చదివిన సబ్జెక్టులను రంగాలవారీగా చూపే సబ్జెక్టుల పట్టిక తెరవగానే సంగతి తెలిసిపోతుంది. ఇంజనీరింగ్ వైపు గడులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఎకనామిక్స్ వైపు ఎంఈఎఫ్ఏ (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) ఒక్కటే ఉంటుంది. పిల్లాడు చదవాల్సినవి చదివే ఉంటాడు, వాటిని వేరే గడిలో పడేసి ఉంటాడు. ఏళ్ల తరబడి ఇదే తప్పు చూసి చూసి విసుగొచ్చి, ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

ముందు కోర్సు సంగతి. బిజినెస్ ఇంజనీరింగ్‌ను జర్మన్లు విర్ట్‌షాఫ్ట్స్‌ఇంజెనియర్‌వేజన్ అంటారు. యంత్రం తెలిసినవాడికి ఖర్చుల లెక్క తెలియదు, లెక్క రాసేవాడికి యంత్రం తెలియదు. ఇద్దరి భాషా వచ్చిన మనిషి ఫ్యాక్టరీకి కావాలి. 1920లలో బెర్లిన్ టెక్నికల్ హోఖ్‌షూలె (ఇప్పటి టెక్నికల్ యూనివర్సిటీ)లో విల్లీ ప్రియోన్ అనే ప్రొఫెసర్ ఈ చదువును మొదలుపెట్టారు. ఇప్పుడు కార్ల్స్‌రూయె, డార్మ్‌స్టాట్, బెర్లిన్ ఈ కోర్సుకు పేరున్న చోట్లు. డార్మ్‌స్టాట్‌లో మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్‌లలో ఒకదాన్ని ఎంచుకుని దానితో పాటు వ్యాపార శాస్త్రం చదవాలి. బెల్జియంలో కూడా ఇలాంటి డిగ్రీ ఉంది. లూవెన్ యూనివర్సిటీలో దాన్ని ఇంగ్లిష్‌లోనూ చెబుతారు, కానీ అక్కడ ఎకనామిక్స్ పాలు ఎక్కువ.

దీన్ని ఎంబీఏకు చుట్టం అనుకోకండి. ఎంబీఏలో ఇంజనీరింగ్ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఒకే సెమిస్టర్‌లో ప్రొడక్షన్ టెక్నాలజీ, కాస్ట్ అకౌంటింగ్, ఆప్టిమైజేషన్ పక్కపక్కన నడుస్తాయి. బీటెక్ చదివినవాడు నాలుగేళ్ల చదువును పక్కన పెట్టేయకుండా మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలంటే, నన్నడిగితే, ఇంతకన్నా మంచి దారి లేదు.

ఏ రకం కోర్సో తేల్చుకోండి

ఈ మాస్టర్స్ రెండు రకాలు. ఒకటి, డిగ్రీలోనే ఇంజనీరింగ్, ఎకనామిక్స్ రెండూ చదివి వచ్చినవాళ్ల కోసం. ఇందులో ఏ రంగంలో ఎన్ని క్రెడిట్లు ఉండాలో ముందే అంకెలతో చెబుతారు. రెండోది, పూర్తిగా ఇంజనీరింగ్ లేదా సైన్స్ చదివి, ఇప్పుడే మేనేజ్‌మెంట్‌లోకి వస్తున్నవాళ్ల కోసం. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. మేనేజ్‌మెంట్ అండ్ టెక్నాలజీ మొదటి రకం, మాస్టర్ ఇన్ మేనేజ్‌మెంట్ రెండో రకం. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఒకదానికి వేయాల్సింది ఇంకోదానికి వేసి కూర్చుంటారు.

కోర్సు పేజీలో నవ్వుతున్న పిల్లల ఫొటోల కింద రాసింది చదివి నిర్ణయం తీసుకోకండి. అదే పేజీలో ఎక్కడో 'సాట్జుంగ్' అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. అడ్మిషన్ నిబంధనలన్నీ అందులో ఉంటాయి. చాలాసార్లు జర్మన్‌లోనే ఉంటుంది. అనువాదం చేసుకుని అయినా సరే, మొత్తం చదవాలి. అది చదవకుండా అప్లికేషన్ మొదలుపెట్టినవాళ్లకు నేను సాయం చేయను.

కాగితాలు

ఇది తేలిక పని. పాస్‌పోర్ట్, సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ట్రాన్‌స్క్రిప్ట్, ఐఈఎల్‌టీఎస్, సీవీ, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెప్పే లేఖ), అడిగితే రెండు ఎల్ఓఆర్‌లు (సిఫార్సు లేఖలు). మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు 2022 నవంబర్ 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు నిజమైనవేనని జర్మనీవాళ్లు పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అన్నింటికన్నా ముందు దానికి వేసేయండి. యూని-అసిస్ట్ (చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకుని పరిశీలించే సంస్థ) ద్వారా వెళ్లే యూనివర్సిటీలైతే మొదటి అప్లికేషన్‌కు 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. దీనికోసం కన్సల్టెన్సీకి డబ్బు కట్టనక్కర్లేదు.

సబ్జెక్టుల పట్టిక: ఇక్కడే నిదానించండి

యూనివర్సిటీ ఒక ఫారం ఇస్తుంది, లేదా మనల్నే తయారు చేసుకోమంటుంది. ఒకవైపు వాళ్లు అడిగే రంగాలు, ఎదురుగా మనం చదివిన సబ్జెక్టులు, క్రెడిట్లు. చూడటానికి పది నిమిషాల పనిలా ఉంటుంది. నేనైతే దీనికి రెండు వారాలు కేటాయించమంటాను.

నా సొంత అనుభవం చెబుతాను. నా మొదటి అప్లికేషన్ ఒక కన్సల్టెన్సీవాళ్లు నింపారు. నాది మెకానికల్. ఆపరేషన్స్ రీసెర్చ్‌ను మెకానికల్ గడిలో వేశారు. ఎంఈఎఫ్ఏను 'ఇతర సబ్జెక్టులు'లో వేశారు. మేనేజ్‌మెంట్ సైన్స్‌ను అసలు వేయనే లేదు. బిజినెస్ సబ్జెక్టుల క్రెడిట్లు సరిపోలేదని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఏడాది పోయింది. మరుసటి ఏడు అవే మెమోలతో, అవే మార్కులతో పట్టిక నేనే కూర్చుని రాసి పంపితే అదే యూనివర్సిటీ సీటు ఇచ్చింది.

కాబట్టి ఒక్కో మెట్టూ ఎక్కుదాం. మొదట మీ రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం సంపాదించండి. రెగ్యులేషన్ అంటే ఆర్16, ఆర్18 అంటూ మీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనలు. మీ రెగ్యులేషన్‌దే కావాలి. ఆర్18లో చదివి ఆర్16 సిలబస్ జత చేసేవాళ్లను ఏటా చూస్తున్నాను. సబ్జెక్ట్ కోడ్ మెమోలో ఒకటి, సిలబస్‌లో ఇంకొకటి ఉంటే చదివే మనిషికి అనుమానం వస్తుంది. అటానమస్ కాలేజీ అయితే సిలబస్ కాలేజీదే, జేఎన్‌టీయూది పనికిరాదు. దాని మీద కాలేజీ స్టాంపు, సంతకం వేయించుకోండి. అడగకపోయినా వేయించుకోండి.

తర్వాత రెండు జర్మన్ మాటలు అర్థం చేసుకోవాలి. ఫారంలో బీడబ్ల్యూఎల్ అని, వీడబ్ల్యూఎల్ అని ఉంటాయి. మనవాళ్లు రెండింటినీ ఎకనామిక్స్ అనుకుంటారు. బీడబ్ల్యూఎల్ ఒక్క కంపెనీ లోపలి వ్యవహారం: అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ప్రొడక్షన్ నిర్వహణ. వీడబ్ల్యూఎల్ మార్కెట్, దేశం స్థాయి ఎకనామిక్స్: డిమాండ్, ధరలు, పోటీ, ద్రవ్యోల్బణం. కొన్ని యూనివర్సిటీలు రెండింటికీ విడివిడిగా కనీస క్రెడిట్లు అడుగుతాయి. ఒకదాంట్లో ఎంత మిగిలినా రెండోదాని లోటు తీరదు.

ఇప్పుడు ఎంఈఎఫ్ఏ తీసుకోండి. కొత్త రెగ్యులేషన్లలో కొందరికి ఇది బిజినెస్ ఎకనామిక్స్ అన్న పేరుతో ఉంటుంది. పరీక్షకు ముందురోజు రాత్రి ఆల్ ఇన్ వన్ చదివి గట్టెక్కిన సబ్జెక్టే, కానీ జర్మనీకి వెళ్లేటప్పుడు దానికున్న విలువ థర్మోడైనమిక్స్‌కు కూడా లేదు. యూనిట్లు చూడండి. డిమాండ్ విశ్లేషణ, ఉత్పత్తి, వ్యయ సిద్ధాంతం, మార్కెట్ రకాలు, ధర నిర్ణయం. ఇదంతా వీడబ్ల్యూఎల్. ఆ తర్వాత వ్యాపార సంస్థల రకాలు, క్యాపిటల్ బడ్జెటింగ్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, రేషియోలు. ఇదంతా బీడబ్ల్యూఎల్. సబ్జెక్టును విడగొట్టి చూపే వీలు ఫారంలో ఉంటే యూనిట్ల ప్రకారం విడగొట్టండి. వీలు లేకపోతే మీ లోటు ఎటు ఉందో అటు వేసి, వివరం గడిలో మిగతా యూనిట్లు ఏమిటో రాయండి. రెండు గడుల్లోనూ పూర్తి క్రెడిట్లు మాత్రం వేయకండి. అది మోసంగానే కనిపిస్తుంది. ఒక్క సబ్జెక్టులో అలా దొరికితే మిగతా పట్టికను కూడా అనుమానంగానే చూస్తారు.

ఆపరేషన్స్ రీసెర్చ్ ఇంకా ముఖ్యం. లీనియర్ ప్రోగ్రామింగ్, ట్రాన్స్‌పోర్టేషన్, అసైన్‌మెంట్ సమస్యలు, క్యూయింగ్, గేమ్ థియరీ. మన దగ్గర మెకానికల్ డిపార్ట్‌మెంట్ చెబుతుంది కాబట్టి మెకానికల్ అనుకుంటాం. జర్మన్ బిజినెస్ ఇంజనీరింగ్‌లో అది సొంత రంగం, చాలా ఫారాల్లో దానికి వేరే గడి ఉంటుంది. ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ కూడా అంతే. మ్యాథ్స్ పేపర్లతో కలిపేయకుండా స్టాటిస్టిక్స్ గడి ఉందేమో వెతకండి. ప్రొడక్షన్ ప్లానింగ్ అండ్ కంట్రోల్, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్, మేనేజ్‌మెంట్ సైన్స్ బీడబ్ల్యూఎల్‌లోకి వెళ్తాయి. సీఎస్ఈవాళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ను ఇటు లాగాలని చూస్తారు. సిలబస్‌లో ఖర్చుల అంచనా, షెడ్యూలింగ్ ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూడండి. సగం కన్నా తక్కువైతే కంప్యూటర్ సైన్స్‌లోనే ఉంచండి.

పేరు చూసి వేయవద్దు, యూనిట్లు చూసి వేయాలి. ఈ పట్టికలో నేను పాటించే నియమం ఇదొక్కటే. చూసే ప్రొఫెసర్‌కు మన సబ్జెక్ట్ పేర్లు కొత్త. ఎంఈఎఫ్ఏ అన్న నాలుగక్షరాలు ఆయనకేం చెబుతాయి? పూర్తి పేరు, కోడ్, దాని పక్కన మూడు నాలుగు వాక్యాల్లో ఏం చదివారో, వారానికి ఎన్ని గంటలో, ఏ పాఠ్యపుస్తకమో రాయాలి. ఒక్కో సబ్జెక్టుకు సిలబస్ పీడీఎఫ్‌లో పేజీ నంబర్ కూడా ఇవ్వాలి. ఈ పేజీ నంబర్ల పద్ధతి కన్సల్టెన్సీల దగ్గర నేనెప్పుడూ చూడలేదు. వాళ్లు రెండు వందల పేజీల సిలబస్ జత చేసి వదిలేస్తారు, అందులో ఎవరు వెతుకుతారు?

క్రెడిట్ల మార్పిడి దగ్గర చేయి తడబడకూడదు. యూరప్ క్రెడిట్లను ఈసీటీఎస్ అంటారు. ఆ లెక్కలో ఏడాదికి 60 ఈసీటీఎస్, అంటే నాలుగేళ్లకు 240. ఒక ఈసీటీఎస్ అంటే 25 నుంచి 30 గంటల పని. మీ బీటెక్ మొత్తం 160 క్రెడిట్లయితే 240ని 160తో భాగిస్తే 1.5 వస్తుంది. మూడు క్రెడిట్ల ఎంఈఎఫ్ఏ 4.5 ఈసీటీఎస్ అవుతుంది. యూనివర్సిటీ తనదైన లెక్క చెబితే దాన్నే వాడండి. చెప్పకపోతే మీ క్రెడిట్లు ఒక గడిలో, మార్చిన అంకె పక్క గడిలో, లెక్క ఎలా చేశారో పట్టిక కింద ఒక వాక్యంలో రాయండి. 4.5ను 5 చేసేయడం లాంటి పనులు వద్దు. క్రెడిట్లు లేని మ్యాండేటరీ కోర్సులు, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, రాజ్యాంగం లాంటివి బిజినెస్ వైపు ఇరికించవద్దు.

క్రెడిట్లు తక్కువ పడితే

పైన చెప్పినట్టు లెక్కేస్తే ఎంఈఎఫ్ఏ, మేనేజ్‌మెంట్ సైన్స్, పీపీసీ (ప్రొడక్షన్ ప్లానింగ్ అండ్ కంట్రోల్), ఒక మేనేజ్‌మెంట్ ఓపెన్ ఎలక్టివ్, ఒక్కోటి మూడు క్రెడిట్ల చొప్పున కలిపి 18 ఈసీటీఎస్ అవుతాయి. అడిగేది 30 అయితే ఎంత చక్కగా రాసినా చాలదు. అప్పుడు రెండో రకం కోర్సుకు వేయండి. లేదా సాట్జుంగ్‌లో 'ఔఫ్‌లాగన్' (Auflagen) అన్న మాట ఉందేమో చూడండి. తక్కువ పడ్డ సబ్జెక్టులు అక్కడికి వచ్చాక రాసి పాసవ్వమని షరతుతో సీటు ఇవ్వడం అది. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో లేకపోతే వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఇది చదువుతున్నవాళ్లు ఇంకా రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఉంటే అదృష్టవంతులు. ఓపెన్ ఎలక్టివ్స్ ఎంచుకునేటప్పుడు స్నేహితులు ఏది తీసుకుంటే అది కాకుండా, మేనేజ్‌మెంట్, ఫైనాన్స్, ఎకనామిక్స్‌లో దొరికినవన్నీ తీసుకోండి. మార్కులు సులువుగా పడే పేపర్ కోసం వీటిని వదులుకోకండి.

మార్కులు, డబ్బు, భాష

జర్మన్ గ్రేడుకు మీ సీజీపీఏ మారేది బవేరియన్ ఫార్ములాతో. గరిష్ఠం నుంచి మీ సీజీపీఏ తీసేసి, గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. 8.4కు పాస్ మార్కు 5 అనుకుంటే 1.96 వస్తుంది, 4 అనుకుంటే 1.8. అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కాబట్టి పాస్ మార్కు ఎంతో ఊహించకుండా, మీ రెగ్యులేషన్‌లో రాసి ఉన్నదే వేయండి.

ఫీజుల విషయానికొస్తే, కార్ల్స్‌రూయె ఉన్న బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి బయటి దేశాలవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. బ్లాక్డ్ అకౌంట్‌కు (అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి వీసాకు చూపే ఖాతా) 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు.

భాష గురించి నాది ఒకటే మాట. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా సరే, జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థాయి) పూర్తి చేయకుండా విమానం ఎక్కవద్దు. ఈ చదువు చదివినవాడి ఉద్యోగమే రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య మాట్లాడటం. వర్క్‌షాప్‌లో మేస్త్రీ మాట అర్థం కాకపోతే ఆ ఉద్యోగం ఎలా చేస్తారు?

పంపే ముందు ఒక రోజు పట్టికను పక్కన పెట్టండి. మర్నాడు ఇంజనీరింగ్ తెలియని స్నేహితుణ్ని కూర్చోబెట్టి, మీరు ఇచ్చిన పేజీ నంబర్ల ప్రకారం సిలబస్ తీసి ఒక్కో సబ్జెక్టూ వెతకమనండి. ఎక్కడ ఆగి "ఇది ఎక్కడుంది?" అని అడుగుతాడో ఆ వరుస మళ్లీ రాయండి. చాలా కోర్సులకు శీతాకాలం సెమిస్టర్ గడువు జులై 15, కొన్నింటికి మే 31, ఇంకొన్నింటికి అంతకన్నా ముందే. ఏ తేదీ అయినా దానికి పది రోజుల ముందే అప్‌లోడ్ చేసేయండి, ఏదైనా కాగితం తక్కువైందని మెయిల్ వస్తే పంపడానికి ఆ పది రోజులు కావాలి.