డబ్బు ఇవ్వలేకపోయినా సాయం చేయడం ఎలా?

వస్తువులు ఇవ్వాలనుకుంటే, తీసుకునే హాస్టల్‌కో ఆశ్రమానికో ముందు ఫోన్ చేసి అడగండి, ఆ తర్వాతే సర్దండి. బీరువా ఖాళీ చేసి, మూట కట్టి హాస్టల్ గేటు దగ్గర దించి వస్తే అక్కడివాళ్లకు ఏరి పారేసే పని పెరుగుతుంది. ఏం కావాలో, ఏ సైజులో, ఎన్ని కావాలో వాళ్లనే చెప్పనివ్వండి.

బట్టలు ఉతికి, గుండీలు, జిప్పులు చూసి ఇవ్వండి. చిరిగినవి వద్దు. ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లకు రగ్గులు పంపాలనుకుంటే కార్తీకంలోనే పంపండి, చలి ముదిరాక కాదు. ఇంట్లో ఎవరికో కొని మూలన పెట్టిన వాకర్, వీల్‌చైర్ ఉంటే అవి చాలా విలువైనవి. వాడగా మిగిలిన మందులు మాత్రం ఇవ్వకండి. ఇలా ఇచ్చే వస్తువులకు, సమయానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

ఇక సమయం. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సాయం చూపులేని విద్యార్థికి స్క్రైబ్‌గా, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషిగా, పరీక్ష రాయడం. స్క్రైబ్ దొరక్క వాళ్లు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. విద్యార్థి తనే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ వ్యక్తి చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. కాబట్టి హన్మకొండలో డిగ్రీ పరీక్షలప్పుడు మీకంటే మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలే ఎక్కువ పనికొస్తారు. వాళ్లను ముందే ఒకసారి తీసుకెళ్లి విద్యార్థితో కలపండి, మాట వేగం అలవాటవుతుంది. గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు. ప్రశ్న నిదానంగా చదవాలి, చెప్పింది చెప్పినట్టే రాయాలి, తప్పనిపించినా దిద్దకూడదు. రాసింది మళ్లీ చదివి వినిపించాలి.

రక్తదానానికి 18 నుంచి 65 ఏళ్ల వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రికి ములుగు, భూపాలపల్లి నుంచి కూడా పేషెంట్లు వస్తారు. ఎండాకాలం కాలేజీలు మూసేస్తే శిబిరాలు తగ్గిపోతాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఇవ్వండి.

మాట ఇచ్చిన రోజు వెళ్లలేకపోతే, ముందు రోజే చెప్పి మీ బదులు ఇంకొకరిని కుదిర్చి పెట్టండి. స్క్రైబ్ రాకపోతే ఆ విద్యార్థి పేపర్ పోయినట్టే.